మజిలీల పందెం

పాఠ్యభాగ ఉద్దేశం

శారీరక బలానికీ సాహసానికీ పెద్దపీట వేసే క్రీడలలో సైతం సహనం, పరస్పర సహకారం, ప్రకృతి పట్ల వినయం ఎంతటి స్థానాన్ని ఆక్రమిస్తాయో తెలియజేయడం, కొండదారులలో పలు దినాలపాటు సాగే సైకిలు పందేల పుట్టుపూర్వోత్తరాలను పరిచయం చేయడం, విద్యార్థులు తమ ఊరి కొండలను, అడవులను శ్రద్ధగా పరిశీలించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

‘మజిలీ’ అనే మాట తెలుగువారికి చిరపరిచితం. ప్రయాణంలో ఒకనాటి నడక ముగించి విశ్రమించే తావుకు మజిలీ అని పేరు. మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడనే యతి, అతని వెంట నడిచే గోపబాలుడు కాశీయాత్ర చేస్తూ ఒక్కొక్క మజిలీలో ఒక్కొక్క కథ చెప్పుకొంటారు. కథ కోసం మజిలీయా, మజిలీ కోసం కథయా అన్నంతగా ఆ రెండూ అందులో పెనవేసుకొన్నాయి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుండి బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. దాదాపు పదిహేను నెలల ఆ ప్రయాణంలో ఏ మజిలీలో నీరు దొరుకుతుంది, ఏ కనుమ ఎక్కడం కష్టం, ఎక్కడ దినుసులు కొనుక్కోవాలి అనే విషయాలను ఆయన శ్రద్ధగా రాసుకొన్నాడు. దూరప్రయాణం ఒక్క బిగిన పూర్తయ్యేది కాదనీ, దానిని దినాలుగా పంచుకొని, నేటి అలసటను రేపటికి మిగల్చకుండా సాగించాలనీ ఆ యాత్రికులకు అనుభవం నేర్పింది.

ఈ పాత సూత్రం మీదనే ఆధునిక యుగంలో ఒక క్రీడ రూపొందింది. దూరమైన దారిని కొన్ని దినాలుగా విభజించి, ప్రతిదినం ఒక మజిలీ నుండి మరొక మజిలీకి సైకిలుపై చేరుతూ, అన్ని దినాల కాలాన్నీ కూడి విజేతను నిర్ణయించే పందెం అది. ఒక్కనాటి పందెంలో వేగం గెలుస్తుంది. మజిలీల పందెంలో వేగాన్ని దాచుకోవడం తెలిసినవాడు గెలుస్తాడు. ఆ పందేన్ని చదునైన రహదారి మీద కాక కొండలు, వాగులు, అడవి బాటల గుండా నడిపినప్పుడు అది క్రీడలలో మిక్కిలి కఠినమైన వాటిలో ఒకటి అవుతుంది.

కొలిమి దగ్గర ఒక క్రీడాకారుడు

మజిలీల సైకిలు పందేలలో ప్రసిద్ధమైనది ‘టూర్ ద ఫ్రాన్స్’. ఫ్రాన్సు దేశంలో ఒక క్రీడాపత్రిక తన ప్రచారం కోసం 1903లో దీనిని ప్రారంభించింది. ఆ మొదటి పందెం ఆరు మజిలీలు, 2,428 కిలోమీటర్ల దూరం. 60 మంది బయలుదేరగా 21 మంది మాత్రమే చివరిదాకా చేరారు. మోరిస్ గారాఁ అనే ఆయన విజేత అయ్యాడు. 1910లో నిర్వాహకులు పందేన్ని పిరనీస్ పర్వతాలలోని తూర్మలే కనుమ మీదికి ఎక్కించారు. నాటి ఆ కనుమదారి గొర్రెల కాపరులకు పరిచితమైన రాతిబాట. కనుక నేటి కొండసైకిలు పందేలకు పూర్వరూపం అక్కడే ఉన్నదని చెప్పవచ్చు.

1913లో అదే తూర్మలే కనుమ మీద జరిగిన ఒక సంఘటన క్రీడాచరిత్రలో నిలిచిపోయింది. యూజెన్ క్రిస్తోఫ్ అనే క్రీడాకారుడు గెలుపు ఆశలతో కనుమ దిగుతుండగా అతని సైకిలు ముందరి ఫోర్కు విరిగింది. సైకిలు మార్చుకోవడం నాటి నియమాలకు విరుద్ధం. ఇతరుల సాయం పొందడం అంతకంటె విరుద్ధం. క్రిస్తోఫ్ సైకిలును భుజాన వేసుకొని పది కిలోమీటర్లకు పైగా కొండ దిగి, సెంట్ మరీ ద కాంపాఁ అనే పల్లె చేరాడు. అక్కడ ఒక కమ్మరి కొలిమి కనిపించింది. ఇనుమును తానే కాల్చి, తానే సాగగొట్టి, తానే అతికాడు. పందెం అధికారులు అతని పక్కనే నిలిచి, ఎవరైనా చేయి వేస్తారేమోనని కనిపెట్టుకొని ఉన్నారు. ఆ పని పూర్తి అయ్యేసరికి మూడు గంటలకు పైగా కాలం గడిచింది. అతని రెండు చేతులూ ఇనుము మీద ఉండగా ఒక బాలుడు కొలిమితిత్తిని ఊదాడు. అధికారులు దానిని పరసహాయంగా లెక్కించి, పది నిమిషాల దండన విధించారు. అది తరువాత మూడు నిమిషాలకు తగ్గింది. గెలుపు చేజారిపోయినదని తెలిసినా క్రిస్తోఫ్ పందేన్ని విడువలేదు. మిగిలిన మజిలీలన్నీ పూర్తిచేసి ఏడవ స్థానంలో నిలిచాడు. ఆయన టూర్ ద ఫ్రాన్సును ఎన్నడూ గెలువలేదు. అయినా గెలిచినవారిలో పలువురి పేర్లు మరుగున పడగా, కొలిమి దగ్గర సుత్తి పట్టిన ఈ ఓడినవాని పేరు నేటికీ నిలిచి ఉన్నది.

ఈ కథలో విద్యార్థులు ఆలోచించవలసిన అంశం ఒకటున్నది. నియమం పక్షపాతరహితంగా ఉండవలసిందే. కాని తిత్తి ఊదిన పసివాని సాయాన్ని నేరంగా పరిగణించిన ఆ నియమం న్యాయమైనదేనా? ఈ ప్రశ్నకు తరువాతి కాలపు పందేలు మరొక విధమైన సమాధానం చెప్పాయి. దానిని ముందు తెలుసుకొందాం.

కొండసైకిలు పుట్టుక

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మెరిన్ కౌంటీ అనే ప్రాంతంలో టమల్పాయిస్ అనే కొండ ఉన్నది. 1970ల దశకంలో అక్కడి యువకులు కొందరు, 1930, 40లనాటి లావుపాటి టైర్ల పాతసైకిళ్లను పోగుచేసి, బాగుచేసి, వాటిపై కొండ మట్టిదారుల వెంట దిగడం వినోదంగా పెట్టుకొన్నారు. 1976 అక్టోబరు 21న వారు మొదటిసారిగా కాలాన్ని లెక్కకట్టి పందెం నడిపారు. ఆ దారి పొడవు మూడు కిలోమీటర్లకు కొద్దిగా పైన. పల్లం మాత్రం దాదాపు 400 మీటర్లు. పెడలును వెనుకకు తొక్కితే పడే ఆనాటి బ్రేకు, ఆ దిగుడు వేడికి తట్టుకోలేక, వెనుక హబ్బులోని గ్రీజు పొగలుగా ఎగిరిపోయేది. ప్రతి పందెం తరువాత హబ్బు విప్పి మరల గ్రీజు కూరవలసి వచ్చేది. ‘మరల కూరడం’ అనే అర్థంలోనే ఆ దారికి ‘రీప్యాక్’ అనే పేరు స్థిరపడింది.

ఆ యువకులలో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ, జో బ్రీజ్ ముఖ్యులు. పాతసైకిళ్లు కొండల తాకిడికి తరచు విరిగిపోవడంతో 1977లో జో బ్రీజ్ కొండదారుల కోసమే ప్రత్యేకంగా ఒక సైకిలు నిర్మించాడు. 1981 నుండి ఇటువంటి సైకిళ్లు కర్మాగారాలలో తయారై అంగళ్లకు వచ్చాయి. 1990లో అమెరికాలోని డురాంగో పట్టణంలో కొండసైకిలు ప్రపంచ పోటీలు జరిగాయి. 1996 అట్లాంటా ఒలింపిక్సులో ఈ క్రీడకు స్థానం లభించింది. పనికిరావని మూలపడేసిన సైకిళ్లతో మొదలైన ఆట ఇరవై సంవత్సరాలలో ఒలింపిక్ వేదిక ఎక్కడం గమనింపదగినది.

కొండసైకిలుకు, మన ఊళ్లలో పాలక్యాన్లు కట్టుకొని తొక్కే సైకిలుకు భేదమేమిటి? ముఖ్యమైన భేదం పళ్లచక్రాలలో ఉన్నది. సాధారణ సైకిలులో ముందరి చక్రానికి 44 పళ్లు, వెనుక చక్రానికి 18 పళ్లు ఉన్నవనుకొందాం. పెడలు ఒక్క చుట్టు తిరిగితే వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరిగి, సైకిలు అయిదు మీటర్లకు పైగా సాగుతుంది. చదును నేలపై ఇది లాభం. ఎత్తులో ఇది భారం. కొండసైకిలులో ముందు 32 పళ్లు, వెనుక 50 పళ్లు ఉన్న అమరికను ఎంచుకొంటే, పెడలు ఒక్క చుట్టుకు సైకిలు ఒకటిన్నర మీటరు మాత్రమే కదులుతుంది. కదిలేది తక్కువ కనుక కావలసిన బలమూ తక్కువే. బరువైన బస్తాను నిచ్చెన మెట్ల మీద ఒక్కొక్క మెట్టుగా చేరవేయడం వంటిదే ఇది. శక్తిని సృష్టించే యంత్రం ఏదీ లేదు. ఉన్న శక్తిని చిన్నచిన్న వాయిదాలుగా చెల్లించే ఉపాయం మాత్రమే ఉన్నది. లావుపాటి టైర్లు జారుడును తగ్గిస్తాయి. ముందరి ఫోర్కులోని స్ప్రింగు వంటి అమరిక రాళ్ల దెబ్బ చేతులకు తాకకుండా కాపాడుతుంది.

ఎనిమిది దినాల పరీక్ష

మధ్య అమెరికాలోని కోస్టారికా దేశంలో 1993లో రోమన్ ఉర్బీనా అనే ఆయన, పసిఫిక్ తీరం నుండి కరేబియన్ తీరం వరకు, అడవులు, అగ్నిపర్వత సానువుల మీదుగా ఒక పందేన్ని ఆరంభించాడు. పూర్వం స్పానిష్ దండయాత్రికులు నడిచిన జాడలను అది అనుసరించింది. 1998లో ఆల్ప్స్ పర్వతాలను దాటే పందెం వచ్చింది. కోస్టారికా పందెంలో పాల్గొన్న కెవిన్ వెర్మాక్ అనే దక్షిణాఫ్రికావాసి, తన దేశంలోనూ అటువంటిది ఉండాలనే సంకల్పంతో 2004లో ‘కేప్ ఎపిక్’ పందేన్ని స్థాపించాడు. ప్రపంచంలోని కొండసైకిలు మజిలీ పందేలలో అగ్రగణ్యమైన వాటిలో ఇది ఒకటిగా పేరు పొందింది.

కేప్ ఎపిక్ ఎనిమిది దినాల పందెం. మొదటి దినం చిన్న పరిచయ పరుగు, తరువాత ఏడు మజిలీలు. దారి ఏటా మారుతుంది. మొత్తం దూరం సుమారు 650 నుండి 700 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తులన్నీ కూడితే దాదాపు 15,000 మీటర్లు. ఈ సంఖ్యను మన అనుభవంలోకి తెచ్చుకొంటే దాని బరువు తెలుస్తుంది. తిరుపతి నుండి తిరుమలకు ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు. ఎనిమిది దినాలలో ఇరవై పర్యాయాలకు పైగా తిరుమల కొండ ఎక్కినంత శ్రమ అది. ఆ ఎక్కుడు మెట్లపై కాదు. రాళ్లు దొర్లే బాటలపై, ఇసుకలో, మండుటెండలో, ఒక్కొక్కప్పుడు బురదలో.

పందెంలో ఒకదినం ఎట్లుంటుందో ఊహించుకోవచ్చు. సూర్యోదయానికి ముందే గుడారాల ఊరు మేల్కొంటుంది. నిన్నటి నొప్పులతోనే క్రీడాకారులు ఆహారం తీసుకొంటారు. శరీరంలో కండరాలు, కాలేయం నిలువచేసుకొనే పిండిపదార్థం తీవ్రశ్రమలో సుమారు రెండు గంటలలోనే తరిగిపోతుంది. కనుక తొక్కుతూనే తినాలి, తొక్కుతూనే తాగాలి. ఆకలి అయిన తరువాత తిందామనుకొంటే ఆలస్యమే. దారిలో నీటి కేంద్రాలు ఉంటాయి. ప్రతి మజిలీకీ ఒక గడువు ఉంటుంది. ఆ గడువులోగా చేరనివారు పందెం గణన నుండి తప్పుకోవలసిందే. సాయంత్రం మజిలీ చేరిన తరువాత పని ముగియదు. సైకిలు కడగాలి, గొలుసుకు నూనె పెట్టాలి, గాయాలకు మందు వేసుకోవాలి, రేపటికి నీరు, ఆహారం సిద్ధం చేసుకోవాలి, త్వరగా నిద్రపోవాలి. నాలుగవ దినానికి కండల బలం అందరిదీ తరిగిపోతుంది. అక్కడినుండి సాగేది క్రమశిక్షణ బలం.

ఇద్దరు కలిస్తేనే ఒక జట్టు

కేప్ ఎపిక్ నియమాలలో ఒకటి దానికి విశిష్టతను తెచ్చింది. ఇందులో ఒంటరివానికి విజేత స్థానం లేదు. ఇద్దరు కలిసి ఒక జట్టు. పురుషుల జట్లు, స్త్రీల జట్లు, స్త్రీపురుషుల మిశ్రమ జట్లు వేరువేరుగా పోటీపడతాయి. జట్టులోని ఇద్దరి మధ్య ఎడం రెండు నిమిషాలకు మించరాదు. మించితే దండన ఉన్నది. ఒకరు విరమిస్తే రెండవవారు పందెం పూర్తిచేయవచ్చుగాని, వారికి జట్టు స్థానం లభించదు.

ఈ నియమం పైకి చిన్నదిగా కనిపించినా క్రీడ స్వభావాన్నే మార్చివేస్తుంది. బలమైనవాడు తన బలాన్ని చూపుకొనే అవకాశం ఉండదు. ముందుకు దూసుకుపోతే రెండు నిమిషాల తరువాత నిలిచి ఎదురుచూడవలసిందే. బలహీనుడు సిగ్గుపడి దాచిపెట్టే నొప్పి రేపటికి ఇద్దరినీ ముంచుతుంది. కనుక నొప్పిని చెప్పడం నేర్చుకోవాలి. ఎదుటివాని ముఖం చూచి, అతడు అడగకముందే నీళ్లు అందించాలి. జట్టు వేగమంటే బలవంతుని వేగం కాదు, అలసినవాని వేగం. క్రిస్తోఫ్ కాలంలో సాయం నేరమైతే, ఇక్కడ జట్టులో సాయం చేయకపోవడమే ఓటమి. ముందు లేవనెత్తిన ప్రశ్నకు క్రీడాలోకం చెప్పిన సమాధానం ఇదే.

ఈ పందెం చరిత్రలో ఒక జంట కథ ప్రత్యేకంగా స్మరింపదగినది. స్విట్జర్లాండుకు చెందిన క్రిస్టోఫ్ సౌసర్, దక్షిణాఫ్రికాకు చెందిన బరీ స్టాండర్ కలిసి 2011, 2012 సంవత్సరాలలో వరుసగా విజేతలయ్యారు. ఆ పందేన్ని గెలిచిన మొదటి దక్షిణాఫ్రికా క్రీడాకారుడు స్టాండర్. 2012 లండన్ ఒలింపిక్సులో అతడు అయిదవ స్థానం పొందాడు. 2013 జనవరి 3న సాధన చేస్తూ రహదారిపై వెళ్తుండగా ఒక టాక్సీ వాహనం ఢీకొని అతడు మరణించాడు. అప్పటికి అతని వయస్సు 25 సంవత్సరాలు. కొండల అంచులలో, లోయల పక్కన ప్రాణాలతో చెలగాటమాడిన వీరునికి మృత్యువు ఊరి రహదారిపై ఎదురైంది. అదే సంవత్సరం మార్చిలో సౌసర్ మరల పందెంలో నిలిచి, యారొస్లావ్ కుల్హావీ అనే చెక్ క్రీడాకారునితో కలిసి గెలిచాడు. సాహసక్రీడలను ప్రమాదకరమని నిందించేవారు, మన రహదారులపై సైకిలు తొక్కేవారి భద్రత గురించి ఎంతవరకు ఆలోచిస్తున్నామో ఈ సందర్భంలో ప్రశ్నించుకోవాలి. సైకిలుపై కళాశాలకు వచ్చే ప్రతి విద్యార్థికీ ఈ ప్రశ్నతో సంబంధం ఉన్నది.

హిమాలయ సానువులలో

మన దేశంలో ఇటువంటి పందెం హిమాచల్ ప్రదేశ్‌లో 2005లో ‘ఎం.టి.బి. హిమాలయ’ అనే పేరుతో ఆరంభమైంది. సిమ్లా నుండి దేవదారు అడవులు, ఆపిల్ తోటలు, పల్లెబాటలు, కనుమల మీదుగా కొన్ని దినాలపాటు సాగిన ఆ పందెంలో దేశీయులతోపాటు విదేశీయులు కూడ పాల్గొన్నారు. నేపాల్‌లో 2007లో ఆరంభమైన ‘యాక్ అటాక్’ అనే పందెం అన్నపూర్ణ పర్వతాల చుట్టూ సాగి, 5,416 మీటర్ల ఎత్తున ఉన్న థొరాంగ్ కనుమను దాటింది. ఆ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు సగం. ఒక్కొక్క శ్వాసలో అందే ప్రాణవాయువు కూడ సగమే. మంచు పేరుకొన్న చోట సైకిలుపై మనిషి వెళ్లడు. మనిషిపై సైకిలు వెళ్తుంది. ఎత్తును తొందరగా ఎక్కినవారికి తలనొప్పి, వాంతి, నిద్రలేమి కలుగుతాయి. వాటిని లక్ష్యపెట్టక ఇంకా ఎక్కితే ప్రాణాపాయం. దిగిరావడమే ఉత్తమ చికిత్స. వెనుదిరగడం పిరికితనం కాదని, అది కూడ ఒక విధమైన వివేకమని కొండ నేర్పే పాఠం.

అడవి కొట్టిన నగరం, అడవి ఉన్న కొండ

ఇటువంటి క్రీడలను గురించి చదివినప్పుడు చిత్తూరు, తిరుపతి ప్రాంతాల విద్యార్థులకు తమ చుట్టూ ఉన్న కొండలు స్ఫురించడం సహజం. కార్వేటినగరం అనే పేరును స్థానికులు ‘కాడువెట్టి నగరం’ అని వివరిస్తారు. తమిళంలో ‘కాడు’ అంటే అడవి, ‘వెట్టి’ అంటే కొట్టి. అడవిని కొట్టి కట్టిన నగరమని భావం. సంస్థానాధీశుల రాజధానిగా వెలసిన ఈ ఊరు స్కందపుష్కరిణితో, వేణుగోపాలస్వామి ఆలయంతో, ఆ స్వామిని కీర్తిస్తూ పదాలు రచించిన సారంగపాణితో సాహిత్య, సంగీత చరిత్రలో స్థానం పొందింది. ఊరిచుట్టూ కొండలు, వాటి మధ్య మేకల కాపరుల బాటలు ఉన్నాయి. దగ్గరలోనే ఉన్న పుత్తూరు, విరిగిన ఎముకలకు వేసే ‘పుత్తూరు కట్టు’తో దక్షిణదేశమంతటా ప్రసిద్ధి పొందింది. కొండసైకిలు తొక్కేవారికి ఇంతకంటె ధైర్యమిచ్చే పొరుగూరు ఉండదని ఎవరైనా చమత్కరించవచ్చు.

అయితే కొండ కనిపించిన ప్రతిచోటా పందెం పెట్టవచ్చునా? ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. ఉత్తరాన ఉన్న శేషాచలం కొండలు తూర్పు కనుమలలో భాగం. 1989లో అక్కడ శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. 2010లో సుమారు 4,756 చదరపు కిలోమీటర్ల మేర శేషాచలం జీవావరణ పరిరక్షణ మండలంగా ప్రకటితమైంది. ఎర్రచందనం సహజంగా పెరిగే నేల ప్రపంచంలో ఈ తూర్పు కనుమల దక్షిణభాగమే. దేవాంగపిల్లి, బంగారుబల్లి వంటి అరుదైన ప్రాణులకు అది నివాసం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానవనంలోకి, అభయారణ్యంలోకి అనుమతి లేనిదే ప్రవేశించరాదు. ఇది క్రీడాకారునికి అడ్డంకిగా తోచవచ్చు. కాని ఆలోచిస్తే, క్రీడాకారుడు ఏ ప్రకృతి కోసం అక్కడికి వెళ్లదలచాడో ఆ ప్రకృతిని నిలిపి ఉంచుతున్నది ఆ నిబంధనే.

ఒక్క సైకిలు చక్రం కొండకు చేసే హాని చిన్నది. వందల చక్రాలు ఒకేదారిని, అందులోనూ తడినేలపై నడిచినప్పుడు గాడి పడుతుంది. మరుసటి వానకు ఆ గాడి వెంట నీరు పరుగెత్తుతుంది. నీటితోపాటు మట్టి పోతుంది. మట్టి పోయిన చోట వేర్లు బయటపడతాయి. బ్రేకు గట్టిగా పట్టి చక్రాన్ని ఈడ్చినా ఇదే ఫలితం. అందుచేత మంచి క్రీడాకారులు కొన్ని మర్యాదలు పాటిస్తారు. ఉన్న బాటనే వాడతారు, కొత్తబాట తీయరు. నీటిగుంట ఎదురైతే పక్కనుండి బాటను వెడల్పు చేయక, నడుమనుండి దాటుతారు. కాలినడకవారికి, పశువులకు దారి విడుస్తారు. తినుబండారాల కాగితాలను జేబులో వేసుకొని తిరిగి తెస్తారు. ప్రభుత్వ రహదారులు, చెరువుకట్టలు, ఊరిబాటలు సైకిలు సాధనకు చాలును. అభయారణ్యం లోపలి నిశ్శబ్దం దాని ప్రాణులది.

చివరివాని స్థానం

టూర్ ద ఫ్రాన్సులో అందరికంటె చివర చేరేవానికి ‘ఎర్రదీపం’ అనే బిరుదు ఉన్నది. రైలుబండి చివరి పెట్టెకు వేలాడే ఎర్రదీపం నుండి ఆ పేరు వచ్చింది. ఆ దీపం కనిపిస్తేనే బండి తెగిపోకుండా పూర్తిగా చేరినదని స్టేషను వారికి నమ్మకం. మజిలీల పందెంలో మొదటివాడు నాలుగు గంటలలో ముగించిన దారిని చివరివాడు తొమ్మిది గంటలు తొక్కవచ్చు. ఎండ, ఆకలి, నొప్పి అనుభవించిన కాలం లెక్కిస్తే ఎవరి సహనం అధికం? బహుమతి మొదటివానికి చెందడం న్యాయమే. గౌరవం మాత్రం ఇద్దరికీ చెందాలి.

అంకెలలో చూచినప్పుడు జీవితం కూడ ఒక్కనాటి పందెంగా కనిపిస్తుంది. ఒక పరీక్షలో వచ్చిన మార్కులే సర్వస్వమని భావించి కుంగిపోయే యువతీయువకులు మన మధ్య ఉన్నారు. ఒక మజిలీలో ఆలస్యమైనవాడు పందెంలో ఓడినట్లు కాదు. రేపు మరొక మజిలీ ఉన్నది. ఈ రాత్రి చేయవలసినది గాయానికి మందు వేసుకోవడం, గొలుసుకు నూనె పెట్టుకోవడం, బాధను పక్కనున్నవారితో చెప్పుకోవడం, నిద్రపోవడం. క్రిస్తోఫ్ కొలిమిలో అతికినది ఇనుప ఫోర్కును మాత్రమే కాదు. తెగిపోయిన ఆశను కూడ.

కఠిన పదాలకు అర్థాలు

మజిలీ = ప్రయాణంలో విడిసే చోటు
కనుమ = రెండు కొండల నడుమ దారి
సానువు = కొండచరియ, కొండ నెత్తము
అగ్రగణ్యం = ముందుగా లెక్కింపదగినది
కొలిమితిత్తి = కమ్మరి గాలి ఊదే తోలుసంచి
దండన = శిక్ష
స్ఫురించు = మనస్సునకు తోచు
దేవాంగపిల్లి = పెద్దకండ్లు గల, రాత్రులందు తిరిగే చిన్న అడవిజంతువు

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. కేప్ ఎపిక్ పందెం స్వరూపాన్ని, అందలి జట్టు నియమం ప్రాధాన్యాన్ని వివరించండి.
2. కొండదారుల క్రీడకు, అటవీ సంరక్షణకు మధ్య పొత్తు ఎట్లు కుదురుతుందో పాఠం ఆధారంగా చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. యూజెన్ క్రిస్తోఫ్‌కు దండన ఎందుకు విధించారు? అది న్యాయమేనా? మీ అభిప్రాయం తెలపండి.
2. ‘రీప్యాక్’ అనే పేరు ఎట్లు ఏర్పడింది?
3. కొండసైకిలు పళ్లచక్రాల అమరిక ఎత్తు ఎక్కడానికి ఎట్లు తోడ్పడుతుంది?

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. జట్టు వేగమంటే బలవంతుని వేగం కాదు, అలసినవాని వేగం.
2. సైకిలుపై మనిషి వెళ్లడు. మనిషిపై సైకిలు వెళ్తుంది.
3. అభయారణ్యం లోపలి నిశ్శబ్దం దాని ప్రాణులది.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. మొదటి టూర్ ద ఫ్రాన్సులో ఎన్ని మజిలీలు ఉన్నాయి?
2. కొండసైకిలు క్రీడకు ఒలింపిక్సులో ఎప్పుడు స్థానం లభించింది?
3. ‘కాడువెట్టి’ అనగా అర్థమేమి?
4. థొరాంగ్ కనుమ ఎత్తు ఎంత?

V. సంధులను గుర్తించండి.
1. శేషాచలం = శేష + అచలం (సవర్ణదీర్ఘసంధి)
2. సూర్యోదయం = సూర్య + ఉదయం (గుణసంధి)
3. హిమాలయం = ......
4. ప్రాణాపాయం = ......
5. పూర్వోత్తరాలు = ......

VI. సమాసాలకు విగ్రహవాక్యాలు రాయండి.
1. స్త్రీపురుషులు = స్త్రీలును, పురుషులును (ద్వంద్వ సమాసం)
2. పాతసైకిళ్లు = పాతవైన సైకిళ్లు (విశేషణ పూర్వపద కర్మధారయం)
3. ఎర్రదీపం = ......
4. ఊరిబాటలు = ......

VII. భాషాకృత్యం
మీ ఊరి నుండి సమీపంలోని కొండకో, చెరువుకో, ఆలయానికో సైకిలుపై వెళ్లే దారిని మూడు మజిలీలుగా విభజించి, ఒక్కొక్క మజిలీలో నీరు, నీడ, ఎత్తుపల్లాలు ఎట్లున్నవో తెలుపుతూ ఒక పుట మించకుండ యాత్రావర్ణన రాయండి.